ఏబెల్ ఫైలులో ముందుగా చదవవలసినవి టెస్ట్ వెక్టర్లు

చీమకుర్తిలోని ఒక గ్రానైట్ కోత ఫ్యాక్టరీలో పాతికేళ్లు దాటిన బ్లాక్ కట్టర్ ఆగిపోయిందనీ, దాని కంట్రోల్ కార్డు మీద గాల్ 22వి10 అనే, మనం రాసిన తర్కాన్ని ఎక్కించుకునే చిప్ ఉందనీ, పాత ఎలక్ట్రీషియన్ బీరువాలో దొరికిన ఫ్లాపీలో డాట్ ఏబిఎల్ అనే పేరుతో ముగిసే ఫైలు ఒకటి బయటపడిందనీ మీరు రాశారు. ఆ భాష ఏమిటి, దానిని ఈ రోజున చిప్‌లోకి ఎలా ఎక్కించాలి, లేదా మొత్తం వెరిలాగ్ అనే మరో చిప్ రూపకల్పన భాషలో తిరగరాయడం మేలా అన్నవి మీ మూడు ప్రశ్నలు. నేను ఒంగోలులో ఫ్యాక్టరీల కంట్రోల్ కార్డులు మరమ్మతు చేస్తాను. కర్నూలు రోడ్డు వెంట ఉన్న కోత, పాలిష్ ఫ్యాక్టరీల నుంచి ఇటువంటి కార్డులు నా దగ్గరకు ఏటా నాలుగైదు వస్తుంటాయి. మీ ఫైలులోని భాష పేరు ఏబెల్; నెల్లూరులో డిప్లొమా చదివిన రోజుల్లో అది మా పాఠాల్లో లేదు. 1998లో చెన్నైలో కార్డులు తయారుచేసే ఒక చిన్న సంస్థలో చేరిన తరువాత, అక్కడి పెద్దాయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

మూడో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే ఇబ్బంది అంతా అక్కడే ఉంది. వెంటనే తిరగరాయవద్దు. ఫైలును చివరి నుంచి తెరవండి. టెస్ట్ వెక్టర్స్ (పరీక్షా వరుసలు) అనే పదంతో మొదలయ్యే భాగం ఉన్నదేమో చూడండి, ఉంటే దానిని కాగితం మీదికి ఎక్కించుకుని ఒక్కొక్క వరుసా యంత్రం కదలికతో పోల్చి చదవండి. పైన ఉన్న సమీకరణాలు ఆ చిప్ ఏమి చేస్తుందో చెబుతాయి, ఈ వరుసలు రూపకర్త దాని నుంచి ఏమి ఆశించాడో చెబుతాయి. ఈ తేడా తెలియకపోవడం వల్ల నేను ఒకసారి చేసిన పొరపాటును కింద వివరంగా రాస్తున్నాను.

ఏబెల్ అంటే అడ్వాన్స్‌డ్ బూలియన్ ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌లో ఉన్న డేటా ఐ/ఓ సంస్థ దీనిని 1983లో తీసుకువచ్చింది. తరువాతి కాలంలో డి అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన వాల్టర్ బ్రైట్ కూడా ఏబెల్ తయారీ బృందంలో పనిచేసినవారే. అంతకు ముందే, 1978లో, మోనోలిథిక్ మెమొరీస్ సంస్థ గాల్‌కు పూర్వీకులైన పాల్ చిప్‌లను మార్కెట్లోకి తెచ్చింది. వాటి కోసం ఆ సంస్థలోనే జాన్ బర్క్‌నర్ ఫోర్‌ట్రాన్‌లో, సమీకరణాలను చిప్‌కు ఎక్కే రూపంలోకి మార్చే పాలాసమ్ అనే సాధనాన్ని రాశాడు. పాలాసమ్ ఒక చిప్ తయారీదారు తన చిప్‌ల కోసం చేసుకున్నది. డేటా ఐ/ఓ వ్యాపారం వేరు: అది చిప్‌లు తయారుచేయదు, అన్ని కంపెనీల చిప్‌లలోనూ ప్రోగ్రామ్ ఎక్కించే యంత్రాలను తయారుచేస్తుంది. అందుచేత ఏ ఒక్క తయారీదారుకూ కట్టుబడని భాష దానికి అవసరమైంది. సాకెట్లో చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించిన వెంటనే, అదే సాకెట్లో, పిన్నులకు సున్నాలూ ఒకట్లూ ఇచ్చి ఫలితాలు సరిగ్గా వస్తున్నాయో లేదో ఆ యంత్రం చూడగలిగేది. అందుకోసం పరీక్షా వరుసలను మూలంలోనే రాసుకునే ఏర్పాటు ఏబెల్‌లో మొదటి నుంచీ ఉంది. ఇది అలంకారం కోసం పెట్టిన భాగం కాదు. ఆ భాష పుట్టిన దుకాణమే పరీక్ష యంత్రాల దుకాణం.

ఫైలు నిర్మాణం సులభంగానే ఉంటుంది. మాడ్యూల్ అనే మాటతో మొదలై ఎండ్ అనే మాటతో ముగుస్తుంది. మధ్యలో ఏ పేరు ఏ పిన్నుకు చెందుతుందో చెప్పే ప్రకటనలు, ఆ తరువాత సమీకరణాలు గానీ, ట్రూత్ టేబుల్ (ఏ విలువలకు ఏ ఫలితమో చెప్పే పట్టిక) గానీ, స్టేట్ డయాగ్రమ్ (ఏ స్థితి నుంచి ఏ స్థితికి ఎప్పుడు వెళ్లాలో చెప్పే వరుసలు) గానీ ఉంటాయి. ఒకే ఫైలులో మూడూ ఉండవచ్చు. & గుర్తు ‘మరియు’ను, # గుర్తు ‘లేదా’ను, ! గుర్తు ‘కాదు’ను, $ గుర్తు ఎక్స్‌క్లూజివ్ ఆర్‌ను (రెండింటిలో ఒక్కటే నిజమైతే నిజం) సూచిస్తాయి. ఒట్టి = ఉంటే ఫలితం అప్పటికప్పుడు పిన్ను మీదికి వస్తుంది, := ఉంటే క్లాక్ పల్సు వచ్చిన తరువాతే, విలువను పట్టి ఉంచే రిజిస్టరులోకి చేరుతుంది. ఒక రెట్టింపు కొటేషన్ గుర్తు కనబడితే అక్కడి నుంచి వరుస చివరి వరకు, లేదా మరో కొటేషన్ గుర్తు వచ్చే వరకు వ్యాఖ్య అని గ్రహించాలి. మొదటిసారి చూసేవారు దీనిని పదాల చుట్టూ వేసే కొటేషన్ అనుకుని చాలా తికమకపడతారు, కాబట్టి ఈ ఒక్కదానిని గుర్తుపెట్టుకోండి.

ఇక నా అనుభవం. 2016లో ఒక కోత ఫ్యాక్టరీ యజమాని మీ యంత్రం వంటి బ్లాక్ కట్టర్ కార్డును తెచ్చి ఇచ్చారు. ఆ కార్డు తయారుచేసిన సంస్థ అప్పటికే మూతపడింది. మూలం మాత్రం ఏబెల్ ఫైలుగా ఒక సీడీలో ఉంది. నా దగ్గర 22వి10 చిప్‌లు అయిపోయాయి, 5 వోల్టులతో నడిచే, జైలింక్స్ అనే సంస్థ తయారుచేసిన ఎక్స్‌సి 9572 చిప్‌లు కొన్ని ఉన్నాయి. ఏబెల్ హక్కులు చేతులు మారి చివరకు జైలింక్స్‌కే చేరినా, ఆ సంస్థ చిప్ రూపకల్పనకు ఇచ్చే తన ఐఎస్ఈ సాఫ్ట్‌వేరులో 11వ వెర్షన్ నుంచి ఏబెల్‌ను తీసివేసింది. నా కంప్యూటరులో ఉన్నది 14.7. ఫైలు చూస్తే వంద వరుసలకు మించి లేదు, స్టేట్ డయాగ్రమ్ చక్కగా చదవడానికి వీలుగా ఉంది, ఒక పూట పని అనుకుని వెరిలాగ్‌లో తిరగరాశాను.

ఆ యంత్రంలో ఉన్న స్థితులు ఐదు: నిలుపు, ముందుకు, దింపు, వెనక్కి, ఎత్తు. మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లతో (ఒక్కొక్కటి ఒక బిట్‌ను పట్టి ఉంచుతుంది) ఆ ఐదింటికీ సంఖ్యలు ఇచ్చారు, నిలుపు స్థితికి సున్నా. బ్లేడు రాయి మీద ముందుకు నడిచి, చివరి లిమిట్ స్విచ్ తగలగానే కొంచెం కిందికి దిగి, వెనక్కి నడిచి, ఇలా పొర పొరగా బ్లాకును కోస్తుంది. బ్లేడు అంచున ఉన్న వజ్రపు సెగ్మెంట్ల మీద నీళ్లు నిరంతరం పడుతూ ఉండాలి. ఎండు రాయి మీద బ్లేడు నడిస్తే సెగ్మెంట్లు కాలిపోతాయి, వేడికి ఊడి ఎగిరితే మనిషికే ప్రమాదం. నీటి గొట్టం మీద ఉన్న ఫ్లో స్విచ్ సంకేతం అందుకే ఈ చిప్‌కు వస్తుంది.

మూలంలో ‘ముందుకు’ స్థితి కింద రెండే వరుసలు ఉన్నాయి. నీళ్లు ఉండి చివరి స్విచ్ తగిలితే ‘దింపు’కు వెళ్లు అన్నది మొదటిది. నీళ్లు ఉండి చివరి స్విచ్ తగలకపోతే ‘ముందుకు’లోనే ఉండు అన్నది రెండవది. నీళ్లు లేకపోతే ఏమి చేయాలో మూడో వరుస లేదు. నేను ఆ రెండు వరుసలనూ ఉన్నవి ఉన్నట్లుగా వెరిలాగ్‌లో రాశాను. చిప్‌లో ఎక్కించి, బల్ల మీద స్విచ్‌లు నొక్కి చూస్తే అన్నీ వరుసగా పనిచేశాయి. కార్డును ఫ్యాక్టరీలో బిగించి, రాయి పెట్టకుండా వట్టి బ్లేడుతో నడిపించి చూస్తున్నప్పుడు అక్కడి మేస్త్రీ అలవాటు ప్రకారం నీటి వాల్వు కట్టేశారు. బ్లేడు ఆగవలసింది. ఆగలేదు. నిశ్చింతగా ముందుకు వెళ్తూనే ఉంది. ఎమర్జెన్సీ బటన్ నొక్కి ఆపాము. రాయి పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కారణం రెండు భాషల స్వభావంలో ఉంది. ఏబెల్‌లో మీరు రాసిన వరుసలు ఫలితం ఎప్పుడు ఒకటి కావాలో చెబుతాయి. రాయకుండా వదిలినదంతా సున్నా కింద లెక్క. డి ఫ్లిప్‌ఫ్లాప్‌లతో చేసిన స్టేట్ డయాగ్రమ్‌లో ఏ షరతూ నెరవేరకపోతే అన్ని బిట్లూ సున్నా అవుతాయి, అంటే ఈ యంత్రంలో ‘నిలుపు’ స్థితికి చేరుతుంది. వెరిలాగ్‌లో క్లాక్ అంచు మీద నడిచే భాగంలో ఏ షరతూ నెరవేరకపోతే రిజిస్టరు తన పాత విలువనే పట్టుకుని ఉంటుంది, అంటే ‘ముందుకు’ అన్నది ‘ముందుకు’గానే మిగులుతుంది. ఒకే రెండు వరుసలు ఒక భాషలో రక్షణ కల్పించాయి, మరో భాషలో ఆ రక్షణను తీసేశాయి. రూపకర్త నిలుపు స్థితికి సున్నా సంఖ్యను ఊరికే ఎంచుకోలేదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఫైలు చివరి భాగం మొదటిసారి శ్రద్ధగా చదివాను. అందులో 40కి పైగా పరీక్షా వరుసలు ఉన్నాయి. ఒక్కొక్క వరుసలో చదరపు కుండలీకరణాల మధ్య ఇవ్వవలసిన విలువలు, ఒక బాణం గుర్తు, ఆ తరువాత రావలసిన ఫలితాలు ఉంటాయి. చుక్కల మధ్య సి అక్షరం ఉంటే అక్కడ ఒక క్లాక్ పల్సు ఇవ్వాలి, ఎక్స్ ఉంటే ఆ విలువ ఏదైనా పరవాలేదు. పదకొండో వరుస నుంచి కొన్ని వరుసలు ఒకే విషయాన్ని పరీక్షిస్తున్నాయి: ప్రతి కదలికలోనూ నీరు సున్నా చేసి ఒక క్లాక్ ఇస్తే మూడు బిట్లూ సున్నా కావాలి. నేను రాయని మూడో వరుస అక్కడ స్పష్టంగా ఉంది. ముందే దానిని చదివి, నా కొత్త చిప్‌ను ఆ వరుసలతో పరీక్షించి ఉంటే, ఆ లోపం ఒంగోలులో నా బల్ల మీదే దొరికేది.

కనుక మీ ఫైలును ఏ భాషలోకి మార్చినా, ప్రతి స్థితిలోనూ ‘మరే సందర్భంలోనైనా సున్నాకు’ అనే వరుసను విప్పి రాయండి. అయితే దానికి ముందు ఫైలులో డిసిసెట్ అనే ఆదేశం, ముందు @ గుర్తుతో, ఎక్కడైనా ఉన్నదేమో వెతకండి. అది ఉంటే రాయకుండా వదిలిన సందర్భాలను సున్నాగా కాక ‘ఏదైనా పరవాలేదు’గా తీసుకుని కంపైలరు తనకు అనుకూలంగా కుదించుకుంటుంది, అప్పుడు పై లెక్క వర్తించదు, పరీక్షా వరుసలే మీకు ఆధారం.

రెండో చిక్కు కరెంటు పెట్టిన క్షణంలో ఉంటుంది. 22వి10 చిప్‌కు కరెంటు రాగానే లోపలి రిజిస్టర్లు సున్నాకు చేరతాయి, కానీ పిన్ను మీద కనిపించేది సున్నానా ఒకటా అన్నది ఆ పిన్నుకు పెట్టిన ధ్రువతను బట్టి ఉంటుంది. మూలంలో పిన్ను ప్రకటన దగ్గర ఇస్‌టైప్ అనే మాట తరువాత బఫర్ అని ఉంటే విలువ నేరుగా వస్తుంది, ఇన్వర్ట్ అని ఉంటే తిరగబడి వస్తుంది. ఏదీ లేకపోతే సమీకరణం చిన్నదయ్యే పక్షాన్ని కంపైలరు తానే ఎంచుకోవచ్చు. మన ప్రాంతంలో వేసవిలో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు తెలుసు. వచ్చిన ప్రతిసారీ యంత్రం నిలుపు స్థితిలో మొదలు కావాలంటే ఈ మాటలను ఉన్నవి ఉన్నట్లు కొత్త ఫైలులోకి తీసుకుపోవాలి.

22వి10లో ఫలితాల పిన్నులు పది ఉన్నా అన్నీ సమానం కావు. 14, 23 పిన్నులకు ఎనిమిదేసి ప్రాడక్ట్ టర్ములు (‘మరియు’తో కలిపిన షరతులు) ఉంటాయి, లోపలికి వస్తున్న కొద్దీ పది, పన్నెండు, పద్నాలుగు అని పెరిగి, మధ్యనున్న 18, 19 పిన్నులకు పదహారేసి ఉంటాయి. స్టేట్ బిట్లను మూలంలో ఏ పిన్నులకు ఇచ్చారో ఆ పిన్నులకే ఉంచండి. కార్డు మీద తీగలు ఎలాగూ మారవు.

ఇప్పుడు చిప్‌లోకి ఎక్కించే దారి. అన్నిటికన్నా ముందు, ఆగిపోవడానికి చిప్పే కారణమని నిర్ధారించుకోండి. రాతి పొడి, తడి కలిసి చేరే ఈ కార్డుల్లో నాకు ఎక్కువగా దొరికినవి చెడిపోయిన ఆప్టోకప్లర్లు, ఎండిపోయిన కెపాసిటర్లు, తుప్పు పట్టిన సాకెట్లు. చిప్‌ను కూడా అనుమానించడానికి కారణం లేకపోలేదు: గాల్ చిప్‌లలో ఎక్కించిన సమాచారం 20 ఏళ్లు నిలుస్తుందని తయారీదారు లాటిస్ తన డేటా షీట్‌లో పేర్కొంది, మీ కార్డు ఆ గడువు దాటింది.

పాత చిప్‌ను తీసి ప్రోగ్రామరులో (చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే యంత్రంలో) పెట్టి చదవండి. చదవడం మాత్రమే, చెరిపే బటన్ జోలికి పోవద్దు. రక్షణ బిట్ వేసి ఉంటే లోపలి అమరిక బయటికి రాదు, అయినా 64 బిట్ల సంతకం మాత్రం చదవడానికి వస్తుంది, అందులో తయారీదారు వెర్షన్ సంఖ్య ఉంటే మీ ఫ్లాపీలోని ఫైలు సరైన వెర్షనో కాదో తెలుస్తుంది. రక్షణ బిట్ లేకపోతే మీ అదృష్టం. చిప్ లోపలి అమరిక జెడెక్ అనే ఫైలుగా వస్తుంది; అందులో క్యుఎఫ్ అనే అక్షరాల పక్కన ఫ్యూజుల (లోపలి కలుపు బిందువుల) సంఖ్య ఉంటుంది. 22వి10కు అది 5828, సంతకంతో కలిపితే 5892. ఆ ఫైలును, పాత ఆటల యంత్రాలను కంప్యూటరులో నడిపించే మేమ్ ప్రాజెక్టుతో వచ్చే జెడ్‌యుటిల్ అనే పనిముట్టుకు ఇవ్వండి; దానికి మీ చిప్ రకం తెలిసి ఉంటే సమీకరణాలుగా మార్చి చూపిస్తుంది, వాటిని ఏబెల్ మూలంతో పోల్చవచ్చు. ఒకటి రెండు ఫ్యూజులు మాత్రమే తేడా వస్తే అది వయసు వల్ల వచ్చిన నష్టమని నేను భావిస్తాను. చాలా తేడా ఉంటే ఫ్లాపీలోనిది వేరే వెర్షన్.

ఏబెల్ ఫైలును నేరుగా కంపైల్ చేయడానికి నేను వాడేది లాటిస్ వారి ఐఎస్‌పి లీవర్ క్లాసిక్. అది ఏబెల్‌ను అర్థం చేసుకుంటుంది, గాల్ చిప్‌లకు జెడెక్ ఫైలు ఇస్తుంది. జైలింక్స్ ఐఎస్ఈ పాత 10.1 వెర్షన్ కూడా ఏబెల్‌ను చదువుతుంది గానీ, తన సొంత చిప్‌లకే ఫలితం ఇస్తుంది కాబట్టి 22వి10కు అది మీకు పనికిరాదు. ఐఎస్‌పి లీవర్ కుదరకపోతే, మైక్రోచిప్ ఉచితంగా ఇచ్చే విన్‌కపుల్ అనే సాఫ్ట్‌వేరు చదివే కపుల్ భాషలోకి చేత్తో మార్చుకోవడం నేను సూచించే రెండో దారి. కపుల్ కూడా అదే కాలపు భాష; &, #, !, $ గుర్తులు రెండింటిలోనూ ఒకటే; := ఉన్నచోట పేరు చివర చుక్క డి చేర్చి ఒట్టి = రాస్తే చాలు. పరీక్షా వరుసలు మాత్రం మూలంలో కాక వేరే సిమ్యులేషన్ ఫైలులోకి వెళతాయి, వాటిని వదిలేయకుండా పూర్తిగా ఎక్కించండి. గాలెట్, గాలాస్మ్ అనే ఉచిత పనిముట్లు కూడా బాగున్నాయి, అయితే వాటి రాత పాలాసమ్ పద్ధతిలో * గుర్తు ‘మరియు’గా, + గుర్తు ‘లేదా’గా, / గుర్తు ‘కాదు’గా ఉంటుంది, స్టేట్ డయాగ్రమ్ రాసే వీలు లేదు. ఐదు స్థితుల యంత్రానికి సమీకరణాలన్నీ చేత్తో విప్పుకోవాలి. అలవాటు లేనివారికి నేను ఆ దారి చెప్పను.

చిప్ విషయానికి వస్తే, లాటిస్ గాల్ చిప్‌ల తయారీ ఆగిపోయింది. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఇప్పటికీ దొరుకుతాయి, నేను కూడా పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి చాలాసార్లు తెచ్చాను. కానీ వాటిలో పాత కార్డుల నుంచి ఊడదీసినవి కలుస్తుంటాయి కాబట్టి, ప్రతిదానినీ చెరిపి, ఖాళీగా ఉన్నదో లేదో చూసి, ఎక్కించి, తిరిగి చదివి పోల్చకుండా కార్డులో పెట్టను. కొత్తగా కొనాలంటే మైక్రోచిప్ వారి ఏటిఎఫ్ 22వి10సి అదే పిన్నుల అమరికతో, అదే 5 వోల్టులతో వస్తుంది. రెండు మూడేళ్లుగా ఈ కార్డుల్లో నేను వాడుతున్నది అదే.

నేను వాడే చవక ప్రోగ్రామరు ఎక్కించి, పోల్చి చూస్తుంది, అంతవరకే. పరీక్షా వరుసలను నడిపించడానికి ఆర్డుయినో మెగా అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు 24 పిన్నుల సాకెట్ తగిలించుకున్నాను. మూలంలోని వరుసలను ఒక పట్టికగా అందులో పెడితే, ఒక్కొక్క వరుసకు విలువలు ఇచ్చి, క్లాక్ కొట్టి, వచ్చినదానిని రావలసినదానితో పోల్చి, తేడా ఉన్న వరుస సంఖ్యను తెర మీద చూపిస్తుంది. మొదటి చిప్‌కు దీనిని అమర్చుకోవడానికి ఒక రోజు పట్టింది, ఇప్పుడు ఒక్కో చిప్‌కు ఒక నిమిషం చాలు. 2016 నాటి ఆ కట్టర్‌కు కూడా చివరకు వెరిలాగ్ చిప్‌ను తీసివేసి, ఏబెల్ మూలం నుంచే 22వి10 తయారుచేసి, ఈ పరీక్షలో అన్ని వరుసలూ నెగ్గిన తరువాతే ఫ్యాక్టరీకి తీసుకువెళ్లాను. నీటి వాల్వు ఈసారి నేనే కట్టాను. బ్లేడు వెంటనే ఆగింది. ఆ కార్డు ఇప్పటికీ నడుస్తోంది.

మీ ఫైలులో టెస్ట్ వెక్టర్స్ భాగం లేకపోతే కంపైల్ చేసే ముందు ఆ యంత్రాన్ని నడిపిన మేస్త్రీతో కూర్చుని, ఏ స్విచ్ ఏ సమయంలో తగిలితే యంత్రం ఏమి చేసేదో అడిగి వరుసలుగా రాసుకోండి; నీళ్లు ఆగినప్పుడు, మోటారు ఓవర్‌లోడ్ అయినప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమి జరిగేదో తప్పక అడగండి. స్టేట్ డయాగ్రమ్ భాగాన్నీ, పిన్నుల ప్రకటనలనూ ఇక్కడ పెడితే, సున్నా సంఖ్యను ఏ స్థితికి ఇచ్చారో, ఏ సందర్భాలను రాయకుండా వదిలారో చూసి చెబుతాను.